10×42 బైనాక్యులర్: నీటికుక్కల కోసం కొంటే విమానం కనబడింది

ఆరు నెలలు వాడాకే రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో 6,500 పడింది. మాది తాళ్ళరేవు, ఫైబర్ బోట్లు చేసే షెడ్డు ఉంది. కోరంగి మడ అడవుల్లో నీటికుక్కల్ని చూద్దామని కొన్నాను. పొద్దుగూకే వేళ కూడా బొమ్మ మసకబారదు, 42 మిల్లీమీటర్ల అద్దం కదా. కానీ పడవలో కూర్చుని చూడాలంటే మాత్రం ఇది వద్దు. వస్తువు పదిరెట్లు దగ్గరైతే చేతి వణుకూ పదిరెట్లే. 8×42 తీసుకోండి.

మధురపూడిలో, అదే రాజమండ్రి విమానాశ్రయంలో, గోడ బయట నిలబడి, ఆగి ఉన్న ఏటీఆర్ విమానం పంకాకి ఆరు రెక్కలున్నాయని మనవడు లెక్కపెట్టాడు. సరే, అది మామూలే.

దీని పనితనం తెలిసింది అమెరికాలో, అమ్మాయి ఇంటి దగ్గరున్న చిన్న విమానాశ్రయంలో. కంచె అవతల ఓ తెల్ల విమానం ముక్కు నేలకానించి, గడ్డి మేసే గేదెలా ఉంది. "అయ్యో, ముందు చక్రం విరిగిందేమో" అన్నాను. అల్లుడు నవ్వాడు. "కాదు మావయ్యగారూ, ఇంజిన్ వెనకుంది. పైలట్ దిగితే వెనక్కి కూలబడుతుందని ఆ చక్రాన్ని లోపలికి మడిచేస్తారు."

పేరు లాంగ్ ఈజీ. బర్ట్ రుటాన్ అనే అమెరికా ఇంజినీరు డిజైన్, 1979లో మొదటిసారి ఎగిరింది. ప్లాన్లు కొనుక్కుని ఎవరి గ్యారేజీలో వాళ్ళు కట్టుకున్నవట! చిన్న రెక్క ముందు, పెద్దది వెనక.

ఫోకస్ తిప్పితే పెద్ద రెక్క అంచున, రంగు కింద గుడ్డ నేత సన్నగా తేలింది. గుండె ఝల్లుమంది. నేను రోజూ చేసే పనే అది! కాకపోతే మేం అచ్చులో గాజు పీచు మ్యాట్ పరిచి బోటు తీస్తాం. వీళ్ళకి అచ్చే లేదు. ఫోమ్ దిమ్మని కాలే తీగతో రెక్క ఆకారంలో కోసి, దానిమీదే గాజు గుడ్డ పరిచి, గట్టిపడే జిగురు లాంటి ఎపాక్సీ రెజిన్ పట్టిస్తారు. మేం వాడే పాలియెస్టర్ రెజిన్ పోస్తే ఆ ఫోమ్ కరిగి కూర్చుంటుంది. ఆ రెక్కలో ఒక్క గాలిబుడగ కనబడలేదు. మా కుర్రాళ్ళని తీసుకెళ్ళి చూపించాల్సింది.

ఇక కంప్లైంటు. వానాకాలంలో కుడి గొట్టం లోపల చెమ్మ పట్టింది. పెట్టె మీదేమో వాటర్‌ప్రూఫ్ అని ఉంది. అమ్మినవాళ్ళకి రాస్తే బియ్యం డబ్బాలో పెట్టమన్నారు. మూడు రోజులు పెట్టాను. బియ్యం అన్నం అయిపోయింది, చెమ్మ అలాగే ఉంది. మూడు నక్షత్రాలు.