పెర్మాకల్చర్ పార్కుకు డబ్బు: గ్రాంటు మేలా, చందాలు మేలా?

నగరంలో ఖాళీగా పడి ఉన్న జాగాలో పెర్మాకల్చర్ పార్కు (అడవిలోలా పండ్ల చెట్లు, ఆకుకూరలు కలిసి ఏళ్ల తరబడి నిలిచేలా పెంచే తోట) వేద్దామనుకోగానే ముందుకొచ్చేది డబ్బు సంగతే. పెద్ద గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలా, ఏదైనా కంపెనీని అడగాలా, చుట్టుపక్కల ఇళ్ల నుంచి చందాలు పోగు చేయాలా? నా ఓటు చందాలకే. అయితే చందా అంటే నోట్లు మాత్రమే కాదు, మనుషులు ఇచ్చే పని గంటలు కూడా.

గ్రాంటు అక్కర్లేదని కాదు. నీటి లైను, కంచె, డిజైన్ ఖర్చు చిన్న చందాలతో తేలవు. మట్టి పరీక్ష కూడా అంతే, దాన్ని వదిలేయడానికి వీల్లేదు. ఆ స్థలంలో ఒకప్పుడు ఫ్యాక్టరీయో పాత ఇళ్లో ఉండి ఉంటే మట్టిలో సీసం ఉండొచ్చు. అక్కడ పండిన ఆకుకూర పిల్లలు తినేదే కదా! ఇలాంటి వాటికి ఒకేసారి వచ్చే డబ్బే కావాలి.

చిక్కంతా ఆ తర్వాతే. గ్రాంట్లు చాలావరకు కట్టడానికి ఇస్తారు, సాకడానికి ఇవ్వరు. పండ్ల మొక్క నాటాక మొదటి రెండు మూడు ఎండాకాలాలు వరసగా నీళ్లు పట్టాలి. ఏడాది గ్రాంటైతే చివరి రిపోర్టు పంపేనాటికి మొక్క ఇంకా వేరు పట్టే దశలోనే ఉంటుంది. రెండో వేసవిలో పైపు పట్టుకునే మనిషి పేరు దరఖాస్తులో ఎక్కడా ఉండదు.

కంపెనీ సాయం సంగతి క్లుప్తంగా చెప్తాను. పనిముట్లు, అట్టపెట్టెలు, కట్టె పేళ్లు ఇస్తామంటే సంతోషంగా తీసుకోండి. ఏటా ఇస్తామన్న డబ్బును నమ్ముకుని మాత్రం జీతాలకు ఒప్పుకోవద్దు. వాళ్ల బడ్జెట్ మారితే మీ తోట ఆగిపోతుంది.

చందా మెల్లగా పోగవుతుంది, నిజమే. కానీ నెలనెలా కొంచెం ఇచ్చే ఇల్లు తోట ఎలా ఉందో అడుగుతుంది, మున్సిపల్ మీటింగుకు వస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక్కసారి పెద్ద మొత్తం పోగు చేయడం కన్నా ఇది నాకు చాలా నయమనిపిస్తుంది. దూరాన ఉన్న దాత ఎంత మంచివాడైనా నీళ్లు పట్టడానికి రాలేడు.

గ్రాంటును, చందాలను కలిపే దారి కూడా ఉంది. అమెరికాలోని సియాటిల్ నగరం 1988 నుంచి మ్యాచింగ్ గ్రాంటు నడుపుతోంది, అంటే స్థానికులు తమ వాటా పెడితే నగరం దానికి జతగా డబ్బిస్తుంది. స్థానికులు పెట్టిన డబ్బు, వస్తువులు, పని గంటలు అన్నీ వాళ్ల వాటాగా లెక్కకొస్తాయి. అక్కడి బీకన్ ఫుడ్ ఫారెస్ట్ అనే పెర్మాకల్చర్ తోట 2009లో ఒక పెర్మాకల్చర్ కోర్సులో ప్రాజెక్టుగా మొదలై, ఈ నిధి సాయంతోనే డిజైన్ దాకా వెళ్లింది.

పని గంటలు ఎలా కూడతాయో చూడండి. గడ్డి నేలను తవ్వకుండానే మడిగా మార్చాలంటే అట్టపెట్టెలు విప్పి, టేపు పీకేసి, సందు లేకుండా ఒకదాని అంచు మీద ఇంకొకటి పరచాలి. బాగా తడిపి, పైన జానెడు మందాన కట్టె పేళ్లు పోయాలి. టేపు పీకడం పిల్లలూ చేయగలరు, పెద్దవాళ్లు కూర్చునీ చేయగలరు. గేటు దగ్గర రిజిస్టరులో పేరు, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం ఉండాలి. గ్రాంటు ఇచ్చేవాళ్లకు చూపాల్సింది ఆ కాగితమే.

అయితే జనం ఉన్నా స్థలానికి కాగితం లేకపోతే కష్టం. లాస్ ఏంజెలెస్‌లో సౌత్ సెంట్రల్ ఫార్మ్ 14 ఎకరాల తోట, వందల కుటుంబాలు పంట పండించేవి. స్థలం వాళ్లది కాదు. 2006లో ఖాళీ చేయించారు. న్యూయార్క్‌లో మాత్రం 1973లో చెత్త ఎత్తి తోట వేసినవాళ్లకు మరుసటి ఏడాదే నగరం నెలకు ఒక డాలరు అద్దెకు ఆ జాగా ఇచ్చింది.

అందుకే నా వరస ఇది: ముందు ఇంటింటికీ వెళ్లి మనుషుల్ని కూడగట్టాలి. ఆ పేర్ల జాబితాతో స్థలం యజమాని దగ్గర పదేళ్లకు తగ్గకుండా లీజు రాయించుకోవాలి. ఆ తర్వాతే గ్రాంటు. అప్పుడు కూడా మొదటి దశకు చాలినంతే అడగాలి, నెలవారీ చందాలతో ఎంత నేలకు నీళ్లు పట్టగలరో అంత నేలకే.