విజయవాడలో లాడ్జీ, బందరులో చర్చి: ఖర్చులతో సహా

విజయవాడలో మంచి గదులు లేవని నేననను. మా పాలబడినది మాత్రం గాంధీనగర్‌లోని ఒక లాడ్జీ. పేరు రాయను, రాస్తే వాళ్లకు ఉచిత ప్రచారం. ఫోనులో మాట్లాడినప్పుడు గదికి 1,650 రూపాయలు, ఏసీ, ఇరవై నాలుగు గంటల చెకౌట్ అన్నారు. నేను, నా భార్య, బాబాయి, పిన్ని కాబట్టి రెండు గదులు చెప్పాను. నంద్యాల నుంచి రాత్రి రైల్లో వచ్చి తెల్లవారుజామున ఐదున్నరకు కౌంటరు ముందు నిలబడితే, కునుకు తీస్తున్న గుమాస్తా లేచి, గది కావాలంటే ఇంకో ఆరు వందలు కట్టాలన్నాడు. గదికి ఆరు వందలు.

"ఇరవై నాలుగు గంటలంటే పన్నెండు నుంచి పన్నెండు సార్. మీరు ముందే వచ్చేశారు."

అతని నెత్తి మీదే ఎర్ర అక్షరాల బోర్డు, '24 గంటల చెకౌట్' అని. బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. చేతికర్ర ఎత్తి బోర్డు చూపిస్తూ, "మరి ఆ బోర్డు ఎవరి కోసం నాయనా?" అన్నాడు. "అది పాత యాజమాన్యం పెట్టింది సార్" అని జవాబు. పిన్ని మోకాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. ఇంకో లాడ్జీ వెతుకుదామని నేనంటే ఆవిడ నా వైపు చూసిన చూపుకు మారుమాట్లాడకుండా పన్నెండు వందలు కట్టాను.

ఏసీ రిమోట్‌కు రెండు వందల డిపాజిట్ తీసుకున్నారు. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకే, అదీ గదికి ఒక బకెట్. మా కిటికీ తెరిస్తే పక్క కల్యాణ మండపం జనరేటరు. ఆ రాత్రి ఎవరిదో రిసెప్షన్, పన్నెండు దాటేదాకా మంచం కాళ్లు కూడా అదిరాయి. ఖాళీ చేసేటప్పుడు ఇచ్చిన బిల్లు చేత్తో రాసినది, కార్బన్ కాగితం మసి అంటుకుని ఉంది. కింద నుంచి రెండో వరుసలో 'ఇతరములు 240'. ఏమిటా ఇతరములు అంటే, "పైనుంచి వేయమన్నారు సార్." బాబాయివాళ్ల గది రిమోట్‌లో ఒక బ్యాటరీ తగ్గిందట, డిపాజిట్‌లో యాభై కోశారు. అన్నీ కలిపితే 4,790. ఈ డబ్బుకు బందరు రోడ్డులో లిఫ్టు, టిఫిన్ ఉన్న హోటల్ గదులే వచ్చేవని ఆటో అతను చెప్పాడు, అదీ మేము ఖాళీ చేశాక.

నా సలహా ఒకటే. తెల్లవారుజామున దిగేవాళ్లు స్టేషన్‌లోనే రిటైరింగ్ రూమ్ ముందుగా బుక్ చేసుకోండి. లాడ్జీయే కావాలంటే, "పొద్దున ఐదింటికి వస్తే అదనంగా ఎంత?" అని అడిగి, జవాబు మెసేజ్‌గా పంపించుకోండి.

ఆ రోజు ప్రకాశం బ్యారేజీ, ఉండవల్లి గుహలు చూశాం. రెండూ బాగున్నాయి.

అసలు ప్రయాణం బందరుకు. బాబాయివాళ్ల తాతగారు నంద్యాల వైపు పల్లెల్లో ఎస్‌పీజీ అనే ఇంగ్లండు మిషన్‌లో ఉపదేశి, అంటే బోధకుడు. మా వైపు ఆంగ్లికన్, అంటే ఇంగ్లండు చర్చి శాఖ, సంఘాలన్నీ ఎస్‌పీజీ వాళ్లు కట్టినవి, కృష్ణా జిల్లావి సీఎంఎస్ అనే ఇంకో మిషన్ వాళ్లవి. ఇంగ్లండులోని తల్లి సంఘం ఒక్కటే అయినా మిషన్లు వేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో ఆంగ్లికన్లూ ఇతర ప్రొటెస్టెంట్లూ కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు కృష్ణా జిల్లా వాళ్లు అందులో కలిశారు. మా నంద్యాల వైపు చాలామంది కలవకుండా ఏళ్ల తరబడి ఆంగ్లికన్లుగానే ఉండిపోయారు. బాబాయికి అది ఇప్పటికీ గర్వకారణమే. సీఎంఎస్ వాళ్ల తెలుగు మిషన్ మొదలైన ఊరు ఒక్కసారి చూడాలని ఆయన ఎప్పటి నుంచో అంటున్నాడు.

పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో బందరు ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, పల్లె వెలుగు ఎక్కితే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల్లోనే పొద్దెక్కుతుంది. దూరం 70 కిలోమీటర్లు. మా ఇద్దరికీ తలకు 105. ఆధార్ చూపించి ఆడవాళ్లిద్దరూ ఉచితంగా ప్రయాణించారు. సున్నా టికెట్‌ను పిన్ని పర్సులో భద్రంగా దాచుకుంది. లాడ్జీలో పోయిన డబ్బులో కొంతైనా రాబట్టానని ఆవిడ లెక్క.

బందరు బస్టాండ్‌లో ఆటో అతను "దయ్యాల చర్చి చూపిస్తా, నాలుగు వందలు" అన్నాడు. సెయింట్ మేరీస్ చర్చి అని బాబాయి సరిదిద్దితే, "అదే, అరబెల్లా చర్చి" అన్నాడు. రెండు వందల యాభైకి కుదిరింది. దారంతా ఒకటే కథ: అద్దాల పెట్టె, తెల్ల గౌను, అర్ధరాత్రి నడక. బాబాయి ముఖం ఎర్రబడుతోంది. నా భార్య మాత్రం వీడియో తీసుకుంటూ "ఆ తర్వాత?" అని ఎగదోస్తోంది. దేవాలయాన్ని దయ్యాల కొంప చేశారని ఆయన దిగేదాకా గొణుగుతూనే ఉన్నాడు.

మామూలు రోజు కాబట్టి తాళం వేసి ఉంది. పక్కింటివాళ్లు కబురు చేస్తే కాపలా చూసే పెద్దాయన సైకిల్ మీద వచ్చాడు. తాళంచెవుల గుత్తి మొలతాడుకు కట్టి ఉంది, దాన్ని విప్పకుండానే నడుము వంచి తాళం తీశాడు. లోపలికి వెళ్లగానే ముందు మమ్మల్ని ప్రార్థన చేసుకోమన్నాడు. ఆ తర్వాతే చూడటం. బాబాయి కోపం అక్కడే చల్లారింది.

సమాధి రాతిని పెద్దాయన భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. అరబెల్లా రాబిన్సన్, 1809. కంపెనీ సైన్యంలో మేజర్ జనరల్ జాన్ పేటర్ ఆమెను ప్రేమించాడు. ఆమె చనిపోయాక ఆయన కట్టించినదే ఈ చర్చి. ఆమెను మామూలు శ్మశానంలో పాతిపెట్టడానికి అప్పటి చర్చివాళ్లు ఒప్పుకోలేదనీ, అందుకే సమాధి చుట్టూ గుడి లేచిందనీ, చాలాకాలం శవాన్ని చెడకుండా ఉంచి జనానికి చూపించారనీ ఊళ్లో చెప్పుకుంటారు. "మా తాత చూశానన్నాడు. మా తాత చాలా చెప్పేవాడు లెండి" అన్నాడు పెద్దాయన. ఆటో అతని కథంతటి కంటే ఈ ఒక్క మాట నాకు నచ్చింది.

ఇక్కడికి వచ్చేవాళ్లందరూ ఈ కథ విని, ఫొటో దిగి, లడ్డూలు కొనుక్కుని వెళ్లిపోతారు. నాకున్న ఫిర్యాదు అది. ఈ ఊళ్లో అంతకంటే పెద్ద కథ ఉంది. అరబెల్లా చనిపోయిన మూడు దశాబ్దాలకు, 1841లో, హెన్రీ వాట్సన్ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ ఇక్కడికి వచ్చారు. అంతకుముందు దాకా ఇక్కడ ఆంగ్లికన్ గురువులంటే ప్రధానంగా దొరలకూ కంపెనీ తెల్ల సిపాయిలకూ చర్చి నడిపేవాళ్లు. వీళ్లు తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ల కోసం వచ్చారు. ఫాక్స్ ఆరోగ్యం చెడి 1848లోనే పోయాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు, అదే నేటి నోబుల్ కళాశాల. 1852లో ఇద్దరు అగ్రవర్ణ విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి ఊరు ఊరంతా అట్టుడికింది, బడి దాదాపు ఖాళీ అయింది. మళ్లీ నిలబెట్టాడు. 1864 నవంబరు 1 రాత్రి తుపానులో సముద్రం ఊరి మీద పడి దాదాపు 30 వేల మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే ఆయన ఈ ఊళ్లోనే కన్నుమూశాడు.

బాబాయి నోబుల్‌ను ఋషి అంటాడు. నేను అంత దూరం వెళ్లలేను. ముందు పై కులాలు మారితే కింది కులాలు వాటంతటవే వస్తాయని నమ్మి, దళిత పిల్లలను ఆయన బడిలో చేర్చుకోలేదు. జరిగింది దానికి తలకిందులు. బెజవాడలో పనిచేస్తున్న డార్లింగ్ అనే సీఎంఎస్ మిషనరీ దగ్గర 1859లో రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య బాప్తిస్మం పొందాడు. కృష్ణా జిల్లా పల్లెల్లో ఆంగ్లికన్ సంఘాలు అక్కడి నుంచి పెరిగాయి, బందరు బడి నుంచి కాదు. ఈ మాట నేనంటే బాబాయి ఏదో అనబోయాడు. ఈలోగా పెద్దాయన, "మాదీ వెంకయ్యగారి వైపేనండి" అన్నాడు. ఇద్దరూ వెనక బెంచీ మీద కూర్చుని ఎస్‌పీజీ గొప్పదా సీఎంఎస్ గొప్పదా అని వాదించుకున్నారు. మీవాళ్లు 1947లో ఎందుకు కలవలేదని పెద్దాయన నిలదీస్తే, మీరెందుకు తొందరపడ్డారని బాబాయి. పిన్ని ఆవలిస్తూ బయట వేపచెట్టు కింద కూర్చుంది.

బాబాయి రెండు వందలు ఇవ్వబోతే పెద్దాయన ఒక వంద టీకని జేబులో వేసుకుని, రెండోది ఆయన చేతే కానుకల పెట్టెలో వేయించాడు.

భోజనానికి ఎక్కడికి వెళ్లాలో కూడా ఆయనే చెప్పాడు. బోర్డు లేని మెస్సు, నాలుగు బల్లలు. భోజనం 130, చేపల పులుసు 80. పులుసు ముందురోజుది, అది తప్పు కాదు, అలాగే ఉండాలి. చింతపండు ముక్కలోకి దిగి, నూనె పైకి తేలి ఉంది. లాడ్జీ విషయంలో రెండు రోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్న పిన్ని రెండోసారి పులుసు అడిగి, వడ్డించేవాణ్ని "నాయనా" అని పిలిచింది. నలుగురికీ మూడు పులుసులతో కలిపి 760. లడ్డు అరకిలో 260, నల్ల హల్వా కూడా అంతే. హల్వా వదిలేయండి, పళ్లకు అంటుకుంటుంది. లడ్డు మాత్రం వదలొద్దు.

వీలున్నవాళ్లు దోర్నకల్ కూడా కలుపుకోండి, విజయవాడ నుంచి వరంగల్ వైపు వెళ్లే రైళ్లున్నాయి. 1912లో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ అజరయ్యగారు బిషప్‌గా పనిచేసిన ఊరు అది. ఆయన కట్టించిన కథీడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. అందులో గుడి స్తంభాలూ ఉన్నాయి, మసీదు గుమ్మటాలూ ఉన్నాయి. మేము వెళ్లలేదు. పిన్ని మోకాళ్లు ఒప్పుకోలేదు, బాబాయి ఒక్కడే వెళ్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు.