డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ హెచ్‌క్యూఎక్స్: మూడేళ్ల వాడకం తర్వాత

"ఫుటేజ్ మొత్తం ముందు డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లోకి మార్చేయ్, క్వాలిటీ పెరుగుతుంది." విండోస్ మీద ఎడిట్ చేసేవాళ్లకు తరచూ వినిపించే సలహా ఇది. డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అంటే ఎడిటింగ్ కోసం అవిడ్ సంస్థ తయారుచేసిన కోడెక్, అంటే వీడియోను కుదించి దాచే పద్ధతి. హెచ్‌క్యూఎక్స్ దానిలో ఒక రకం. పెరగదు. ఫోన్ 8 బిట్, 4:2:0లో (రంగు వివరాలు కొంత వదిలేసే పద్ధతిలో) రాసిన ఫైల్‌ను 10 బిట్ గిన్నెలో పోస్తే పోయిన రంగులు తిరిగి రావు. ఉన్నదాన్ని పోనివ్వకపోవడమే ఈ కోడెక్ పని. ఆ పని మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది.

తెల్లవారుజామున రుషికొండలో తీసిన షాట్ తీసుకోండి. ఆకాశం నారింజ నుంచి నీలంలోకి సన్నగా జారుతుంది. ఒక్కో రంగుకు 10 బిట్‌లో 1024 మెట్లు, 8 బిట్‌లో 256. లాగ్‌లో (తర్వాత రంగులు దిద్దుకునేలా వెలిసినట్టు తీసే మోడ్‌లో) తీసిన షాట్‌కి కాంట్రాస్ట్ పెంచగానే 8 బిట్ ఆకాశం చారలు తేలుతుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: మెనూలోని డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ రకాల్లో హెచ్‌క్యూ కనిపించగానే నొక్కేస్తారు. హెచ్‌క్యూ 8 బిట్టే, ఎస్‌క్యూ, ఎల్‌బీ కూడా అంతే. 10 బిట్ నిలవాలంటే చివర ఎక్స్ ఉన్నదో, 444 అని ఉన్నదో తీసుకోవాలి.

ఇంకో పరీక్ష తలంబ్రాలు. ఫోన్లు, కెమెరాలు ఎక్కువగా వాడే హెచ్.264 కోడెక్‌లో రెండుమూడుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ ఎడిట్‌లోకి తెచ్చిన క్లిప్‌లో గింజల చుట్టూ గళ్లు కడతాయి. పక్క ఫ్రేములను బట్టి అంచనా కట్టే పద్ధతి అది. ఒక్కో గింజ ఒక్కో దిక్కుకు ఎగిరితే అంచనా ఎక్కడ కుదురుతుంది? ఆర్కే బీచ్ నురగదీ అదే కథ. హెచ్‌క్యూఎక్స్‌లో ఏ ఫ్రేమ్‌కి ఆ ఫ్రేమే పూర్తిగా ఉంటుంది. టైమ్‌లైన్ వెనక్కి లాగినా తడబడదు.

దీనికి కట్టాల్సిన మూల్యం హార్డ్ డిస్క్. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) కెమెరా ఫైల్ గంటకు 45 జీబీ. అదే 4కే, 25 ఫ్రేముల హెచ్‌క్యూఎక్స్‌లో 300 జీబీ పైమాటే. సెకనుకు దాదాపు 90 ఎంబీ చదవాలి. తిరిగే యూఎస్‌బీ డిస్క్ ఒక్క కెమెరాకు ఎలాగో సరిపోతుంది, మల్టీకామ్ (ఒకేసారి చాలా కెమెరాల ఫుటేజ్) పెట్టారా, ఆగిపోతుంది. అక్కడ ఎస్‌ఎస్‌డీ తప్పదు.

అందుకే అన్నీ మార్చడం దండగ. కెమెరా ఒరిజినల్స్‌కి ప్రాక్సీలు (తేలికైన నకళ్లు) కట్టి ఎడిట్ చేసి, చివర్లో ఒరిజినల్స్ నుంచే ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. తప్పక మార్చాల్సినవి రెండే. వేరే సాఫ్ట్‌వేర్‌కి పోయి తిరిగొచ్చే గ్రాఫిక్స్, కలర్ షాట్లు మొదటివి. ఫోన్ క్లిప్పులు రెండోవి: ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ 'వేరియబుల్' (మారుతూ ఉండేది) అని ఉంటే గంట ముహూర్తంలో పంతులుగారి పెదవులు ఒకచోట, మంత్రం ఒకచోట. ఫైళ్లు మార్చే సాఫ్ట్‌వేర్ షట్టర్ ఎన్‌కోడర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు, ఆడియోను కుదించని పీసీఎమ్‌లోకి మార్చాకే టైమ్‌లైన్‌లో వేయండి. వాట్సాప్‌లో వీడియోగా వచ్చిన క్లిప్‌కి మాత్రం ఏం చేసినా లాభం లేదు. డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

మార్చాక నలుపు బూడిదలా తేలిందంటే తప్పు కోడెక్‌ది కాకపోవచ్చు. నలుపు, తెలుపుల హద్దులు చెప్పే ఫుల్ రేంజ్, వీడియో రేంజ్ తారుమారై ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్‌లో క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లోని డేటా లెవల్స్ సరిచేయండి. కలర్ కర్వ్‌తో కప్పిపుచ్చితే తర్వాతి షాట్‌లో మళ్లీ తగులుకుంటుంది.

డెలివరీకి హెచ్‌క్యూఎక్స్ మాస్టర్ (తుది ఎడిట్ ఫైల్) నుంచి 8 బిట్ హెచ్.264 ఎంపీ4 తీయాలి. 10 బిట్ హెచ్.264ను ఇళ్లలోని టీవీలు చాలావరకు ఆడించవు. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్ చేస్తే కొన్ని పాత టీవీలు చదవవు. 1080పీని 12 ఎంబీపీఎస్‌లో పెట్టి 40 నిమిషాల ముక్కలుగా కోస్తే ఒక్కోటి 3.6 జీబీకి కాస్త అటూఇటూగా వస్తుంది.