పంపు స్టవ్వా, వత్తుల స్టవ్వా?

గ్యాసు సిలిండరు రాకముందు మద్రాసు తెలుగిళ్లలో కిరసనాయిలుదే రాజ్యం. అందులో పంపు స్టవ్ 1892లో స్వీడన్‌లో పుట్టిన ప్రైమస్ అనే స్టవ్ సంతతి. నూనెను ఆవిరి చేసి మండిస్తుంది కాబట్టి నీలిమంట, గిన్నెకు మసి అంటదు. చప్పుడు మాత్రం వీధి చివరిదాకా!

ముందు బర్నరు కింది గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించాలి. అది ఆరబోయే వేళకు ట్యాంకులోంచి గాలి వదిలే మర (స్క్రూ) బిగించి పంపు కొట్టాలి. తొందరపడితే బర్నరు వేడెక్కక, ఆవిరికి బదులు నూనే చిమ్మి పసుపుమంట ఎగుస్తుంది. వెంటనే మర వదిలి గాలి తీసేయాలి. ఆవిరి చిమ్మే సన్నరంధ్రం, అంటే నిప్పిల్‌లో మసి అడ్డుపడితే పిన్నుతో సుతారంగా పొడవాలి. మోటుగా పొడిస్తే రంధ్రం పెద్దదై మంట ఎర్రబడుతుంది, నూనె తాగేస్తుంది. ఎంత కొట్టినా గాలి పట్టలేదంటే పంపు లోపలి తోలు వాషరు ఎండిందన్నమాట. తీసి నాలుగు చుక్కల నూనె పట్టిస్తే మెత్తబడి విచ్చుకుంటుంది. ట్యాంకు ముప్పాతికకు మించి నింపకూడదు, గాలికీ చోటుండాలి కదా.

వత్తుల స్టవ్‌కు ఈ తతంగమేమీ లేదు, అగ్గిపుల్ల గీస్తే చాలు. వత్తులన్నీ ఒకే ఎత్తుకు కత్తిరించకపోతే మసి, వాసన. మండుతుండగా నూనె పోయడం ప్రాణాంతకం. సెగ నెమ్మది, కానీ పాలు కాచడానికి నా ఓటు దీనికే. పదిమందికి అన్నం వండాలంటే పంపు స్టవ్వే.