సెకండ్‌హ్యాండ్ వీఆర్ హెడ్‌సెట్ కొనబోతున్న తిరుపతి, చిత్తూరు సిమ్ రేసర్లూ, దుడ్డు ఇచ్చే ముందు ఇది చదవండి

తిరుపతిలో సిమ్ రేసింగ్ చేసే, అంటే పీసీ మీద స్టీరింగ్‌తో కారు రేసులు ఆడే ఒక తమ్ముడు ఈమధ్య హెచ్‌పీ రివర్బ్ జీ2 అనే, కళ్ళకు పెట్టుకుని చూసే వీఆర్ హెడ్‌సెట్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అమ్మినాయన ఇంట్లో, ఆయన ల్యాప్‌టాప్ మీదే పెట్టుకుని చూశాడు. బొమ్మ స్పష్టంగా ఉంది, తల తిప్పితే కాక్‌పిట్ కుదురుగా నిలబడింది, డ్యాష్‌బోర్డు మీద గేరు అంకె కూడా చదవగలిగాడు. అక్కడే యూపీఐలో మొత్తం కట్టేసి తెచ్చుకున్నాడు. ఇంట్లో తన పీసీకి తగిలిస్తే తెర నల్లగా ఉండిపోయింది. పోర్టులు మార్చాడు, గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాడు, చివరికి కేబుల్ పోయిందేమో అనుకున్నాడు. కేబుల్ బాగానే ఉంది, హెడ్‌సెట్టూ బాగానే ఉంది. అమ్మినాయన ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11లో 23హెచ్2 అనే వెర్షన్. ఈ తమ్ముడి పీసీలో ఉన్నది దాని తర్వాతి వెర్షన్ 24హెచ్2. అదొక్కటే తేడా. పైగా ఇతని గ్రాఫిక్స్ కార్డు ఏఎండీది, దాంతో 24హెచ్2 మీద మిగిలి ఉన్న ఒక్క దారీ (అదేమిటో కింద చెప్తాం) మూసుకుపోయింది. డబ్బు వెనక్కి అడిగితే, నా దగ్గర పనిచేసింది కదా, నువ్వే చూసి తీసుకున్నావు కదా అన్న జవాబే వచ్చింది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందుకే ఇది మామూలు మోసం కన్నా ప్రమాదం.

సంగతి ఇదీ. రివర్బ్ జీ2, శాంసంగ్ ఒడిస్సీ, లెనోవో ఎక్స్‌ప్లోరర్, డెల్ వైజర్, ఏసర్ హెడ్‌సెట్లు, ఇవన్నీ విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. దాన్ని ఆపేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 డిసెంబరులో ప్రకటించింది. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 నుంచి పూర్తిగా తీసేసింది. స్టీమ్ గేమ్ స్టోరు వాళ్ళ వీఆర్ సాఫ్ట్‌వేర్ స్టీమ్‌వీఆర్ ద్వారా నడిపిద్దామన్నా కుదరదు, ఎందుకంటే అదీ ఈ సాఫ్ట్‌వేర్ మీదే ఆధారపడింది. హార్డ్‌వేర్ కొత్తదానిలా మెరుస్తున్నా సరే, కింద పునాది లేదు.

మరి ఇంకా ఎందుకు ఎగబడి కొంటున్నారంటే, జీ2 సిమ్ రేసింగ్‌కు నిజంగా బాగుంటుంది. కంటికి 2160×2160 పిక్సెల్స్, 90 హెర్ట్జ్ (సెకనుకు 90 బొమ్మలు). డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మీద బొమ్మ నేరుగా వస్తుంది, మధ్యలో కంప్రెషన్ (బొమ్మను కుదించడం) లేదు. దీని కంట్రోలర్ల ట్రాకింగ్ బలహీనమని అందరూ తిట్టారు గానీ, చేతిలో స్టీరింగ్ ఉన్నవాడికి కంట్రోలర్లతో పనే లేదు. దూరంగా ఉన్న 100 మీటర్ల బ్రేకింగ్ బోర్డు తేటగా కనిపిస్తుంది. ఆ మోజులోనే చూసుకోవలసినవి చూసుకోరు.

కాబట్టి బేరానికి ముందే మీ సొంత పీసీలో విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, విన్‌వర్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొట్టండి. బిల్డ్ నంబరు 22631 ఉంటే 23హెచ్2. 26100 ఉంటే 24హెచ్2. 26200 ఉంటే 25హెచ్2. చివరి రెండింట్లో ఏది కనబడినా, మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌తో ఈ హెడ్‌సెట్ మీ ఇంట్లో పనిచేయదు.

"అప్‌డేట్లు ఆపేసుకుంటే సరిపోతుంది" అని అమ్మేవాళ్ళు చెప్తారు. 23హెచ్2 హోమ్, ప్రో ఎడిషన్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 నవంబరు 11తో ఆగిపోయాయి. విండోస్ 10కి మామూలు సపోర్టు అంతకు ముందే, 2025 అక్టోబరు 14న ముగిసింది. బ్యాంకు పనులు, పిల్లల చదువు, ఆఫీసు మెయిలు అన్నీ ఒకే పీసీలో చేసుకునే ఇంట్లో ఆ మాట వినకూడదు.

మిగిలి ఉన్న ఆ ఒక్క దారి పేరు ఒయాసిస్ డ్రైవర్. ఒక డెవలపర్ స్వతంత్రంగా తయారుచేసి 2025లో స్టీమ్‌లో ఉచితంగా పెట్టారు. 24హెచ్2, 25హెచ్2 మీద కూడా ఈ హెడ్‌సెట్లు స్టీమ్‌వీఆర్‌లో దీంతో లేస్తాయి. చాలామంది హెడ్‌సెట్లకు ప్రాణం పోసిన పని ఇది, దండం పెట్టాలి. కానీ ఎన్విడియా కార్డు ఉంటేనే నడుస్తుంది. ఏఎండీ రేడియాన్ కార్డు ఉన్నవాళ్ళు జీ2 వైపు చూడనే వద్దు. ల్యాప్‌టాప్ వాళ్ళకు ఇంకో చిక్కు: లోపల ఎన్విడియా చిప్ ఉన్నా, బయటి టైప్-సీ పోర్టు ఇంటెల్ గ్రాఫిక్స్‌కు కలిపి ఉండవచ్చు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఫిజ్‌ఎక్స్ పేజీ తెరిస్తే ఏ పోర్టు ఏ చిప్‌కు వెళ్తుందో గీతలు గీసి చూపిస్తుంది. ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే అయితే ఆశ వదులుకోండి. అంగట్లో దొరికే చవక కన్వర్టర్‌తో జీ2 నడవదు.

సాఫ్ట్‌వేర్ లెక్క తేలాక వస్తువు దగ్గరికి రండి. జీ2లో ముందు పోయేది కేబుల్. ఆరు మీటర్ల పొడవు, హెడ్‌సెట్ వైపు చివర ఉన్న ప్లగ్ ఈ హెడ్‌సెట్‌కే ప్రత్యేకం. మామూలు డిస్‌ప్లేపోర్ట్ వైరు కొని మార్చే వీలు లేదు, అసలుది ఇప్పుడు దొరకడం కష్టం. ముఖానికి ఆనే మెత్తను తీస్తే (అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది, సులువుగా వస్తుంది) ఆ ప్లగ్ కనిపిస్తుంది. అక్కడ వైరు మెలిక పడిందా, పైతొడుగు చిట్లిందా చూడండి. తర్వాత హెడ్‌సెట్ పెట్టుకుని పది నిమిషాలు హెయిర్‌పిన్ మలుపులో చూసినట్టు తల ఎడమకూ కుడికీ పూర్తిగా తిప్పండి. ఒక్కసారి తెర నల్లబడి మళ్ళీ వచ్చినా, యూఎస్‌బీ ఊడి తగిలిన టంగ్ శబ్దం వినిపించినా, కేబుల్ చివరి రోజుల్లో ఉందని అర్థం. ఇలాగే 2019 నాటి ఆక్యులస్ రిఫ్ట్ ఎస్‌కు కూడా కేబుల్ పోతే హెడ్‌సెట్ పోయినట్టే.

ఇక మన ఊరి ఎండ. హెడ్‌సెట్ లెన్సు భూతద్దం లాంటిది. ఎండ నేరుగా దాంట్లో పడితే ఒక్క చోట కూడి లోపలి తెరను కాల్చేస్తుంది, అందుకు కొద్దిసేపు చాలు. ఏప్రిల్, మే నెలల్లో కిటికీ పక్కన బల్ల మీద లెన్సులు పైకి పెట్టి వదిలేసిన హెడ్‌సెట్ గతి అంతే. ఈ మచ్చ చీకటి గ్యారేజీ బొమ్మలో, రాత్రి రేసులో కనబడదు. అందుకే తెల్లటి ఖాళీ బొమ్మ ఒకటి తెర నిండా పెట్టించుకుని, ఒక్కో కన్ను మూసి నింపాదిగా చూడండి. ఆవగింజంత పసుపు చుక్కో, నల్ల గీతో కనిపించి, తల తిప్పినా అదే చోట ఉంటే అది కాలిన మచ్చ. దానికి రిపేరు లేదు. తెచ్చుకునేటప్పుడు కూడా బస్సు కిటికీ దగ్గర ఒడిలో పెట్టుకోకండి, లెన్సుల మీద గుడ్డ కప్పి సంచిలో పెట్టండి.

డెమో అడిగే తీరు కూడా మార్చుకోవాలి. ఖాళీ ట్రాక్ మీద ఒంటరి కారు చూపిస్తే ఏ హెడ్‌సెట్ అయినా హాయిగా ఉంటుంది. 90 హెర్ట్జ్ అంటే పీసీ ఒక్కో ఫ్రేమును, అంటే ఒక్కో బొమ్మను, 11.1 మిల్లీసెకన్లలో గీయాలి. పాతిక కార్లు, వాన, రాత్రి, గ్రిడ్ చివరి నుంచి స్టార్ట్, ఇలా పెట్టించండి. అసెట్టో కోర్సా కాంపిటీజియోనే అయితే ఇంకా మంచిది, వీఆర్‌లో బరువైన సిమ్ అది. ఆటోమొబిలిస్టా 2 తేలిక, దాంట్లో నునుపుగా నడిచిందని మురిసిపోవద్దు. ఫ్రేములు అందకపోతే పక్క కార్ల అంచులు వణుకుతాయి, కడుపులో తిప్పుతుంది.

మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్ కొనేవాళ్ళకు సాఫ్ట్‌వేర్ భయం తక్కువ, చిక్కులు వేరు. క్వెస్ట్ 2, 3, 3ఎస్ ఏదైనా డిస్‌ప్లేపోర్ట్ ఉండదు. పీసీ బొమ్మను వీడియోగా కుదించి పంపుతుంది. వేగంగా పోతున్నప్పుడు ఫ్రేములో ప్రతి పిక్సెల్ మారుతుంది కాబట్టి చెట్లు, దూరపు తారు, గడ్డి అలికినట్టవుతాయి. సరిగ్గా బ్రేకు వేయాల్సిన చోటే! కేబుల్ నెట్ వాళ్ళు ఇచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ రౌటర్‌తో వైర్‌లెస్ ఆలోచన వద్దు. 5 గిగాహెర్ట్జ్ రౌటర్ అదే గదిలో ఉండాలి, పీసీకి లాన్ వైరు తగిలించాలి. క్వెస్ట్ 3 బ్యాటరీ రెండు గంటల చిల్లర వస్తుంది. పీసీ యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు ఖర్చుకు చాలదు, ఎండ్యూరెన్స్ రేసు సగంలో ఆరిపోతుంది. విడిగా ఛార్జర్ తగిలించే చోటున్న లింక్ కేబుల్ తీసుకోండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపు రౌటర్ రీస్టార్ట్ అయినా బొమ్మ పోతుంది, కాబట్టి రౌటర్‌నూ యూపీఎస్ మీదే పెట్టాలి. సెకండ్‌హ్యాండ్ క్వెస్ట్ అయితే పాత ఓనరు మీ ముందే తన ఫోన్ యాప్‌లోంచి దాన్ని తొలగించి, పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి నొక్కి ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. మీ అకౌంటుతో హోమ్ తెర వచ్చాకే దుడ్డు.

ఖరీదైనవాటిలో రెండు గుర్తుపెట్టుకోండి. 2023 నాటి మొదటి బిగ్‌స్క్రీన్ బియాండ్ 127 గ్రాములే, కానీ కళ్ళ మధ్య దూరం కొన్నవాడి కొలతకు ఫ్యాక్టరీలోనే స్థిరంగా కట్టేశారు. మీకు 62 మిల్లీమీటర్లు, ఆయనకు 68 అయితే అది మీకు ఉచితంగా ఇచ్చినా వద్దు. పైమాక్స్ క్రిస్టల్ లైట్‌ను రెండు భాగాల చెల్లింపుతో అమ్మారు: హార్డ్‌వేర్‌కు కొంత, ట్రయల్ గడువు తర్వాత ప్రైమ్ అనే రెండో చెల్లింపుగా మిగతాది. రెండోది పూర్తిగా కట్టారా, అకౌంటు మార్చి ఇస్తారా అని తేల్చుకోకుండా ముట్టుకోకండి.

ముందు ముందు గాలి ఎటు వీస్తుందంటే వైర్‌లెస్ వైపే. 2025 నవంబరులో ప్రకటించిన వాల్వ్ స్టీమ్ ఫ్రేమ్‌లో కూడా డిస్‌ప్లేపోర్ట్ లేదు. కన్ను ఎక్కడ చూస్తుందో పసిగట్టి అక్కడ మాత్రమే బొమ్మను తేటగా పంపే పద్ధతి దానిది. వైరు హెడ్‌సెట్లు చిన్న కంపెనీల చేతుల్లోకి వెళ్తున్నాయి. బడ్జెట్ తక్కువైతే ప్రాణం పోయిన హెడ్‌సెట్ కన్నా 32 అంగుళాల మానిటర్‌ను స్టీరింగ్‌కు దగ్గరగా లాక్కుని ఆడటం మేలని గట్టిగా చెప్తాం.

చెన్నై రిచీ స్ట్రీట్‌కో, బెంగళూరు ఎస్పీ రోడ్డుకో పోయి కొనేవాళ్ళ వెంట పీసీ రాదు కదా. బిల్డ్ నంబరు, కార్డు పేరు, పోర్టుల ఫోటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. బిల్లు మీద "24హెచ్2లో పనిచేయకపోతే 7 రోజుల్లో వాపసు" అని రాయించండి. రాయనంటే లేచి వచ్చేయండి. చిత్తూరు, తిరుపతిలోనే బేరమైతే అమ్మేవాళ్ళను మీ ఇంటికి రమ్మనండి, లేదా మీ క్యాబినెట్ బండి మీద తీసుకెళ్ళండి. అడ్వాన్సు పంపితే కొరియర్ చేస్తామని చెప్పి ఫోన్ ఎత్తడం మానేస్తే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బిల్లు ఇచ్చిన అంగడి మాట తప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్ళు: మీ పీసీ 24హెచ్2కి మారి 10 రోజులు దాటకపోతే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది. ఎన్విడియా కార్డు ఉంటే అది కూడా అక్కర్లేదు, ఒయాసిస్ వేసుకోండి. ఏఎండీ అయితే 250 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి విడిగా కొని, దాంట్లో 23హెచ్2 ఎక్కించి, కేవలం రేసింగ్‌కు మాత్రమే బూట్ చేసుకోండి. ఆ డ్రైవులో బ్యాంకు లాగిన్‌లు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఉండకూడదు. తిరిగి అమ్మాలనుకుంటే ఎన్విడియా ఉన్నవాళ్ళకే, ఈ సంగతంతా ముందే చెప్పి అమ్మండి.