బాతూర్ అగ్నిపర్వతం: ట్రెక్కా, జీపా, ఈ-బైకా?

బాలి నుంచి మేం తిరిగొచ్చి నెల దాటింది. అప్పట్నుంచి విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద వాకింగ్‌లో కలిసేవాళ్లు, పార్వతీపురంలో ఉండే మా వదిన, పెళ్లి కుదిరిన మా పిన్ని కొడుకు, అందరూ అడిగేది ఒక్కటే: "బాతూర్ చూడ్డానికి ట్రెక్ మేలా, జీపు మేలా, మీరు వెళ్లిన ఆ సైకిల్ టూర్ మేలా?" ఫోన్లో తలో ముక్క చెప్పి సరిపెట్టడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను. జీపు నేను మూడేళ్ల కిందట స్నేహితులతో ఎక్కాను. ట్రెక్ మా తమ్ముడు చేశాడు. ఈ-బైక్ (మోటారు సాయం చేసే సైకిల్) టూర్‌కి మొన్న నాన్నగారూ నేనూ వెళ్లాం.

ముందు ట్రెక్. బాలిలోని ఉబుద్ పట్టణంలో హోటల్ నుంచి అర్ధరాత్రి రెండింటికే బయల్దేరాలి. తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో నడక మొదలవుతుంది, సుమారు రెండు గంటలు ఎక్కితే 1,717 మీటర్ల శిఖరం మీద సూర్యోదయం. కింద సరస్సు, దాని వెనక అబాంగ్, అగుంగ్ కొండలు. బిలం (కొండ కొన మీది పెద్ద గుంత) అంచున నిలబడి పగుళ్లలోంచి వచ్చే ఆవిరి వేడి చేతికి తగలాలంటే ఇదొక్కటే దారి. జీపూ ఈ-బైకూ అక్కడిదాకా వెళ్లవు. ఆ ఆవిరిలోనే గైడ్లు గుడ్లు ఉడికించి పెడతారు. మా తమ్ముడు ఆ పొద్దు గురించి ఇప్పటికీ చెబుతాడు. కానీ ఎక్కేటప్పుడు వాడు చూసింది టార్చి వెలుగులో ముందు నడిచే మనిషి మడమలే. దిగేటప్పుడు జారే రవ్వరాళ్ల మీద పాదాల నుంచి చూపు తిప్పడానికి లేదు. మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే కష్టం.

జీపు సుఖం. చంటిపిల్లలు, బాగా పెద్దవాళ్లు ఉంటే ఇంకో ఆలోచన అక్కర్లేదు. చీకట్లోనే వ్యూ పాయింట్‌కి తీసుకెళ్తారు, సూర్యోదయం అయ్యాక నల్ల లావా మైదానంలో ఆపుతారు, ఫొటోలు తీస్తారు, చాలా ప్యాకేజీల్లో సరస్సు ఒడ్డున వేడినీటి బుగ్గల్లో స్నానం కూడా ఉంటుంది. నేను వెళ్లిన రోజు లావా దగ్గర మాకు దొరికింది ఇరవై నిమిషాలు. చుట్టూ జీపుల చప్పుడు, ఫొటో కోసం జీపు బానెట్ ఎక్కేవాళ్ల వరస. ఈ రాయి ఏ ఏడాదిదని మా డ్రైవర్‌ని అడిగితే, తెలీదు సార్, నేను డ్రైవర్నే అన్నాడు. అతని తప్పేం లేదు. ఆ టూర్‌లో చెప్పేవాడు ఉండడు, అంతే.

నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఇదే: కావలసిన చోట ఆగగలగడం, ఆగినప్పుడు చెప్పేవాడు పక్కన ఉండడం. ఎందుకంటే బాతూర్ ఒక్క చూపులో అర్థమయ్యే కొండ కాదు. వేల ఏళ్ల కిందటి భారీ పేలుళ్లకు పాత కొండ కూలి, పది కిలోమీటర్ల పైన వెడల్పున్న పెద్ద గిన్నెలా మిగిలింది. అదే కాల్డెరా. ఆ గిన్నెలో ఒక పక్క సరస్సు, నడుమ మళ్లీ పెరిగిన ఇప్పటి కొండ, చుట్టూ ఊళ్లు, ఉల్లి, టమాటా తోటలు. 1804 నుంచి నమోదైన పేలుళ్లే ఇరవైకి పైగా. లావా ఒకదాని మీద ఒకటి, ఒకదాని పక్కన ఒకటి పారి గట్టిపడింది. పైనుంచి చూస్తే అంతా ఒకే నలుపు. దగ్గరికెళ్తే దేని వయసు దానిదే.

మా గైడ్ సరస్సు ఒడ్డు ఊళ్లో పుట్టిన కుర్రాడు. రాయి వయసు మొక్కల్ని చూసి చెప్పొచ్చని నేర్పాడు. కొత్త లావా మీద బూడిదరంగు పొరలా రాయికి అంటుకుని పెరిగే లైకెన్ తప్ప ఏమీ ఉండదు. ఇంకాస్త పాతదైతే పగుళ్లలో ఫెర్న్ మొక్కలు, ఆ తర్వాత గడ్డి, పొదలు, బాగా పాతవాటి మీద చెట్లు, తోటలు. సైకిల్ మీద పావుగంట వెళ్తే ఈ తేడా కళ్ల ముందే మారుతుంది. జీపులో అయితే దాటి వెళ్లిపోతాం. ఒకచోట గైడ్ బండి ఆపి, ఇది 1963 లావా అన్నాడు. మా నాన్నగారు పుట్టింది 1963లోనే. ఆయన సైకిల్ స్టాండ్ వేసి, వెళ్లి ఆ గరుకు బసాల్ట్ (గట్టిపడిన లావా రాయి) మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు నిలబడ్డారు. మన తూర్పు కనుమల్లో చాలా కొండలు ఖోండలైట్ రాయి. ఎప్పటిదో మట్టి, ఇసుక భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారి, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట అలా రాయి అయింది. ఆ కొండల మధ్య పుట్టి పెరిగిన మనిషికి తన ఈడు రాయి చేతికి తగలడం ఎలాంటిదో నేను మాటల్లో చెప్పలేను.

ఊళ్ల విషయమూ అంతే. పాత బాతూర్ ఊరు, దాని గుడి కొండ అడుగునే ఉండేవి. 1926లో లావా కప్పేశాక ఊరినీ గుడినీ కాల్డెరా అంచుకి, పైకి మార్చుకున్నారు. ఇప్పుడున్న ఉలున్ దను బాతూర్ గుడి అదే. అక్కడి అమ్మవారు దేవీ దను, సరస్సు దేవత. కింద పొలాలకు నీళ్లు పంచుకునే రైతు సంఘాల్ని సుబక్ అంటారు, వాళ్లు ఈ అమ్మకి మొక్కుతారు. అది విని నాన్నగారు, మా అమ్మవారూ చెరువులోంచే వచ్చిందని పెద్దచెరువు గురించి, పైడితల్లమ్మ గురించి, సిరిమాను ఉత్సవం గురించి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పారు. మా గైడ్, మా న్యేపీ కూడా శక సంవత్సరాది, ఆ రోజు దీవి అంతా మౌనంగా ఉంటుంది అన్నాడు. 2023లో న్యేపీ, మన ఉగాది ఒకే రోజు, మార్చి 22న వచ్చాయి. ఈ మాటలన్నీ ఒక ఉల్లితోట గట్టు మీద, సైకిళ్లు పక్కన పెట్టుకుని.

ఈ-బైక్ అంటే స్కూటీ అనుకుంటున్నారు చాలామంది. కాదు. ఇది పెడల్ తొక్కితేనే మోటారు సాయం చేసే సైకిల్. సాధారణంగా గంటకు 25 కిలోమీటర్లు దాటితే ఆ సాయం ఆగిపోతుంది. నాన్నగారికి 60 దాటింది, ఎత్తులు ఆయాసం లేకుండా ఎక్కేశారు. ఇబ్బందులు లేకపోలేదు. నల్ల ఇసుక మీద టైరు జారుతుంది. మొదటి అరగంటలోనే ఆయన హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పి పడ్డారు, మోచెయ్యి గీరుకుపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా టెన్షనే. ఇసుక లారీలు తిరిగే దారిలో పక్కకి ఆగి వాటిని పోనివ్వాలి. వానాకాలంలో, అంటే నవంబరు నుంచి మార్చి దాకా, వద్దంటాను. డబ్బు ట్రెక్ కన్నా ఎక్కువే. సూర్యోదయం శిఖరం మీద చూడాలనుకుంటే ఇది మీకు కాదు.

పైనుంచి కిందికి మామూలు సైకిల్ మీద జారుకుంటూ వచ్చే టూర్లు కూడా ఉన్నాయి. పల్లెలు బాగుంటాయి, అగ్నిపర్వతం వెనకే ఉండిపోతుంది. కాల్డెరా అంచున ఉన్న పెనెలోకాన్ దగ్గర కారు ఆపి చూసి వచ్చేయడం టైమ్ లేనివాళ్లకి సరిపోతుంది.

బుక్ చేసే ముందు ఒకటి కచ్చితంగా అడగండి: గైడ్ ఆ కాల్డెరా ఊళ్లవాడేనా అని. అది లేకపోతే ఈ-బైక్‌కీ జీపుకీ పెద్ద తేడా ఉండదు.

మా పిన్ని కొడుక్కి ట్రెక్ అనే చెప్పాను. వాడికి శిఖరం కావాలి, కాళ్లలో సత్తువ ఉంది. వదినకి ఈ-బైక్. సైకిల్ తొక్కి ఇరవై ఏళ్లయిందట, పక్కింటి అమ్మాయి సైకిల్ అడిగి పొద్దున్నే సాధన మొదలుపెట్టింది.