బడికొచ్చిన గ్రాంటు డబ్బు: జౌగఢ యాత్రకా, బళ్లోనే ప్రయోగాలకా?

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పిల్లలకు జౌగఢ మంచి గమ్యం. గంజాం జిల్లాలో రుషికుల్య నది ఒడ్డున అశోకుడి శాసనాలున్న బండ అది. కళింగ యుద్ధాన్ని చెప్పే 13వ శాసనం మాత్రం అక్కడ లేదు. దాని బదులు కళింగకే ప్రత్యేకంగా రాయించిన రెండున్నాయి. ఎందుకు దాచాడని పిల్లలే అడుగుతారు, పుస్తకం చదివితే రాని ప్రశ్న! వెళ్లేముందు వారం రోజులు కాసిని బ్రాహ్మి అక్షరాలు నేర్పండి: ‘క’ కూడిక గుర్తులా, ‘గ’ ఇంటి కప్పులా ఉంటుంది. బండ దగ్గర పదిహేను మంది చొప్పున నిలబెట్టండి, గుంపుగా మూగితే వెనకవాళ్లకు వీపులే కనిపిస్తాయి.

చిక్కల్లా బస్సే. డబ్బులో పెద్ద వాటా కిరాయికే పోతుంది. చవకని ఆంధ్రలోని పాతపట్నం వైపు బండి మాట్లాడితే, ఒడిశాలోకి రావడానికి పర్మిట్, పన్ను ఉన్నాయో లేదో ముందే చూడాలి. బరంపురం బడులకు పూట చాలు. రాయగడ నుంచి ఒక్క రోజులో తిరిగి రావడం పిల్లలకు నరకం.

బళ్లోనే అయితే భూతద్దాలు, నీటిలో ఆమ్లమో క్షారమో చూపే పీహెచ్ కాగితాలు, థర్మామీటర్లు కొనొచ్చు. చెరువు నీరు, బోరు నీరు పక్కపక్కన పరీక్షించవచ్చు. సామాను ఏళ్లపాటు ఉంటుంది, బీరువాలో పెట్టి తాళం వేయకపోతే.

రాయగడ బడికైతే మా ఓటు బళ్లో ప్రయోగాలకే. బరంపురం వాళ్లు జౌగఢే వెళ్లాలి. కాకపోతే గ్రాంటు కేంద్ర పథకమైన రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్ కింద వచ్చిందైతే, ఆ పద్దు సైన్సు, లెక్కలకు ఉద్దేశించినది; చరిత్ర యాత్రకు వాడేముందు మంజూరు ఉత్తర్వు చదవండి, లేదంటే ఆడిట్‌లో బస్సు బిల్లు దగ్గరే ఆపుతారు.